గోలీ ‘లే’ అన్నాడు

నన్ను ఎవరు "రాండ్రి" అని పిలిచినా నాకేమీ కాదు. ఎరువుల దుకాణంలో అంటారు, బ్యాంకులో అంటారు, మా చెరుకుతోట పక్క కౌలుకు చేసే ఆయన అంటాడు. ఒక్కడు మాత్రం అనకూడదు. బాన్సువాడ బస్టాండు వెనక సందులో పరుపులు, బొంతలు కుట్టే దుకాణం ఉంది. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే తలెత్తి చూసి "రాండ్రి పటేలా, కూసోండ్రి" అంటాడు చూడండి, వాడు అనకూడదు. ఇంటర్ మొదటి రోజు నుంచి డిగ్రీ మూడో ఏడు దాకా నన్ను "అరే బే" అని తప్ప ఇంకో మాటతో పిలిచిన పాపాన పోలేదు వాడు. ఆ "బే" పోయి "రాండ్రి" వచ్చి ఏడేళ్ళయింది. చూసేవాళ్ళు దాన్ని మర్యాద అనుకుంటారు. అది నాకు పడ్డ శిక్ష అని నాకు తెలుసు, వాడికీ తెలుసు.

మేమిద్దరం కాలేజీ ఫుట్‌బాల్ టీంలో ఆడేవాళ్ళం. వాడు గోల్‌కీపర్. గోల్‌కీపర్‌ని మావైపు గోలీ అంటారు, వాడికి అదే పేరైపోయింది. నేను స్టాపర్‌ని, అంటే గోలీకి ముందు గోడలా నిలబడి వచ్చినవాణ్ణల్లా ఆపేవాణ్ణి. కెప్టెన్‌ని కూడా. కెప్టెన్ అయ్యే తెలివి ఉండి కాదు, నోరు పెద్దది కాబట్టి. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఎవడైనా పాస్ తప్పు ఇస్తే వాడి ఏడు తరాలనూ గ్రౌండ్ మధ్యలోకి పిలిచేవాణ్ణి. గోలీ వెనక నుంచి "చుప్ బే, ఆట ఆడు" అనేవాడు. వాడు అంటే మాత్రం ఊరుకునేవాణ్ణి.

వాడికి గ్లౌజులు కాలేజీ ఇచ్చింది. మోకాళ్ళకు కట్టుకునేవి మాత్రం వాళ్ళ నాన్న కుట్టాడు. పరుపు గుడ్డ, అదే నీలం తెలుపు గీతలది, లోపల ఏకిన దూది కూరి, మోకాలి చిప్ప ఆకారంలో గుండ్రంగా కుట్టి, నాడాలు పెట్టాడు. మొదటిసారి అవి కట్టుకొని గ్రౌండ్‌కు వస్తే మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. "గోలీ గాదుర వీడు, పరుపు!" అని అన్నాం. వాడేం ఉడుక్కోలేదు. "నవ్వుండ్రి బిడ్డా, మీ మోకాళ్ళు చెక్కుకపోయిన్నాడు మా అబ్బా దగ్గర్కే రావాలె," అన్నాడు. ఆ ఎండాకాలమే ఇద్దరు పోయి కుట్టించుకున్నారు. అందులో ఒకణ్ణి నేనే.

వాడికి ఇంకో అలవాటుంది. ఏ వస్తువూ చేతికివ్వడు, విసురుతాడు. విసురుతూ "లే!" అంటాడు. ఇంట్లో వాళ్ళది దక్కనీ ఉర్దూ, అందులో "లే" అంటే తీసుకో. నీళ్ళ సీసా, సమోసా, పరీక్షకు ముందు నోట్సు, గట్టు మీద విరిచిన చెరుకు ముక్క, ఏదైనా సరే, "లే!" అన్న మాట ముందొచ్చేది, వస్తువు వెనకొచ్చేది. ఆ మాట వింటే చాలు, నా చేతులు వాటంతటవే లేచేవి. అంత అలవాటు.

ఆటలో కూడా మా మాటలు దక్కనీవే. ఎవరు పెట్టారో తెలియదు, మాకంటే ముందు ఆడినవాళ్ళ నుంచే వచ్చాయి. గోలీ "ఛోడ్" అంటే బంతి వదిలెయ్, నేను పట్టుకుంటా. "ఆద్మీ" అంటే నీ మీదికి మనిషి వస్తున్నాడు. "లే" అంటే బంతి నీదే, కొట్టెయ్. మా టీంలో సగం మంది ఇళ్ళల్లో తెలుగు, సగం మంది ఇళ్ళల్లో ఉర్దూ. గ్రౌండ్‌లోకి దిగితే అందరికీ ఇవే మాటలు.

గోలీకి ఒకే ఒక్క కోరిక ఉండేది. పీఈటీ సార్ కావాలి. ఏదో ఒక సర్కారు బడిలో మెడలో విజిల్ వేసుకుని పిల్లల్ని వరసలో నిలబెట్టాలి. దానికి వ్యాయామ విద్య కోర్సులో సీటు రావాలి. వాడి మార్కులకు మామూలుగా రాదు, ఆటల కోటాలోనే రావాలి. దానికి యూనివర్సిటీ స్థాయిలో ఆడినట్టు సర్టిఫికెట్ కావాలి. యూనివర్సిటీ పోటీలకు డివిజన్ కప్పు గెలిచిన కాలేజీ మొత్తం టీంగా పోతుంది. అంటే మాకు ఆ కప్పు సంబరమైతే, వాడికి బతుకు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. వాళ్ళ అబ్బాకు కూడా తెలుసు. దూది ఏకీ ఏకీ ఆయనకు దమ్ము, అదే ఉబ్బసం, పట్టేసింది. కొడుకు ఆ దుమ్ములో కూర్చోవద్దని ఆయన పంతం.

మూడో ఏడు ఆ కప్పు మాకు నోటిదాకా వచ్చింది. డివిజన్‌లో ఐదు కాలేజీలు, ఒక్కొక్కరితో రెండేసి సార్లు ఆడాలి. సంక్రాంతి దాటేసరికి మేమూ, జుక్కల్ అవతల మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు వైపు కాలేజీ, ఇద్దరమే మిగిలాం. మేం ఒకటి గెలిస్తే వాళ్ళు ఒకటి గెలిచేవాళ్ళు. వాళ్ళ మ్యాచ్ ఉన్న రోజు మాకు క్లాసులో పాఠం ఎక్కేది కాదు, బెంచీ కింద ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. గోలీ వాళ్ళ దుకాణం తలుపు చెక్క మీద చాక్‌పీస్‌తో పట్టిక గీశాడు. గెలుపులు, డ్రాలు, గోల్స్ ఫరక్, అంటే కొట్టినవాటికీ తిన్నవాటికీ తేడా. వాళ్ళ అబ్బా పొద్దున్నే తలుపు తీస్తూ పేపరు కంటే ముందు అది చదివేవాడట. ఆఖరి మ్యాచ్ ముందు ఆ పట్టికలో ఇద్దరికీ పాయింట్లు సమానం. గోల్స్ ఫరక్‌లో మేం ఒక్క గోల్ ముందున్నాం. ఆ ఆఖరి మ్యాచ్ మా ఇద్దరికే, వాళ్ళ గ్రౌండ్‌లో. డ్రా చేసుకున్నా కప్పు మాదే.

ఇక్కడే నా తెలివి తెల్లారింది.

వాళ్ళతో మొదటి మ్యాచ్ బాన్సువాడలో ఆడి డ్రా చేసుకున్నాం, ఆ రోజు నాకొకటి కనిపించింది. వాళ్ళ పిల్లలు మరాఠీ వాళ్ళు, కన్నడం వాళ్ళు, హిందీ అందరికీ వచ్చు, తెలుగు అంతంత మాత్రం. గోలీ "ఛోడ్" అని అరవగానే మాకంటే ముందు వాళ్ళ ఫార్వర్డ్ కదులుతున్నాడు. మా మాటలన్నీ వాడికి అర్థమవుతున్నాయి. ఒక గోల్ అట్లాగే తిన్నాం. అందుకని ఆఖరి మ్యాచ్‌కు వారం ముందు ప్రాక్టీసులో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. "గా మ్యాచ్‌ల ఉర్దూ బంద్. అన్నీ తెలుగులనే. వాళ్ళ తాతగ్గూడ సమజ్ గావద్దు."

సార్‌కు నచ్చింది. మా ఫిజికల్ డైరెక్టర్ ఆయన. వేరే జిల్లా నుంచి వచ్చినా ఈ ఆటను మా కాలేజీలో నిలబెట్టింది ఆయనే. "కెప్టెన్ బుర్ర పనిచేస్తుందిరా," అన్నాడు. అబ్బో, నేను ఎంత పొంగిపోయానో!

గోలీ ఒక్కడే తల గోక్కున్నాడు. "నాకు గాబరల తెలుగు రాదు బే," అన్నాడు. "మామూలుగైతే వస్తది. జాన్ మీదికొస్తే మా అమ్మీ మాటనే వస్తది."

"పదో తర్గతి దాంక తెలుగు మీడియం సదివినవ్, ఏంది నీ నక్రాలు?" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

కాగితం తీసి నేనే మాటలు రాశాను. మనిషి మీదికి వస్తుంటే "ఉన్నడు". వెనక ఎవరూ లేకపోతే "లే", అంటే ఎవరూ లేరు, బంతిని గోలీకి వదిలెయ్ అని. కొట్టాల్సి వస్తే "కొట్టు". గోలీ తనే పట్టుకుంటే "నాది". చదివి వినిపిస్తే మా లెఫ్ట్ బ్యాక్ అన్నాడు, "అన్నా, లే అంటె కిందవడ్డోడు లేవాల్నా?" మళ్ళీ అందరం విరగబడి నవ్వాం. "లే" అంటే లేవడం అని వాడికి తట్టింది. "లే" అంటే తీసుకోవడం అని ఒక్కడికీ తట్టలేదు. పొద్దున లేస్తే వందసార్లు ఆ మాట విని చేతులు చాపే నాకూ తట్టలేదు. రెండు భాషలు చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నవాళ్ళకు అవి రెండూ ఒకే చప్పుడని ఎక్కడ తెలుస్తుంది? అది వేరే మాట, ఇది వేరే మాట, అంతే. అదే మేం చేసిన తప్పు. మేమంటున్నాను గానీ, కాగితం మీద రాసింది నేను.

వారమంతా ప్రాక్టీసు బాగా సాగింది. వాడు "లే" అంటే నేను వదిలేవాణ్ణి, బంతి దొర్లుకుంటూ పోయి వాడి చేతుల్లో పడేది. ప్రాక్టీసులో గాబరా ఎందుకుంటుంది?

మ్యాచ్ రోజు డీసీఎం వ్యానులో పోయాం. పిట్లం దాటాక రోడ్డు పక్క చెరుకు కొడుతున్నారు, కూలీలు చేతులూపారు. గోలీ మోకాళ్ళకు కొత్త నాడాలు. వాళ్ళ అబ్బా ముందురోజే మార్చి కుట్టాడట. "పాతయి తెగుతయని కాదు బే, కొత్తయి గడితే దువా చేసినట్టంట," అని గోలీ చెప్పాడు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. ఎర్రమట్టి గ్రౌండ్, ఎండ, చుట్టూ జనం. ఇద్దరికీ గోల్ లేదు. వాళ్ళు మీదమీదికి వస్తున్నారు, మేం ఆపుతున్నాం. గోలీ ఆ రోజు ఆడిన ఆట నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. రెండు బంతులైతే గోల్ గీత మీది నుంచి తీసుకొచ్చాడు. ఒకదానికి వాళ్ళ జనమే చప్పట్లు కొట్టారు. తెలుగు మాటలు కూడా చక్కగా పనిచేశాయి. వాడు రెండుసార్లు "లే" అన్నాడు, రెండుసార్లూ నేను ధైర్యంగా బంతి వదిలేశాను, రెండుసార్లూ వాడు పట్టుకున్నాడు. వాళ్ళ ఫార్వర్డ్ దిక్కులు చూశాడు. నేను మనసులో నా భుజం నేనే తట్టుకున్నాను.

ఇంకో నాలుగైదు నిమిషాలుందనగా వాళ్ళు సగం గ్రౌండ్ నుంచి పొడుగ్గా కొట్టారు. బంతి నా తల మీదుగా పోయి, ఒకసారి ఎగిరి, మెల్లగా మా గోల్ వైపు దొర్లుతోంది. నేను మా గోల్ వైపు తిరిగి దాని వెంట పరుగెత్తుతున్నాను. నా వీపు వెనక ఏముందో నాకు కనిపించదు. ఎదురుగా గోలీ ముందుకు వచ్చి ఉన్నాడు, వాడికి అంతా కనిపిస్తుంది. నాకు బంతి రెండడుగుల దూరం.

"లే!" అని అరిచాడు.

ఎవరూ లేరు. వదిలేశాను.

నా కుడి భుజం పక్క నుంచి గాలి కొట్టినట్టు వాళ్ళ ఫార్వర్డ్ దూసుకుపోయాడు. బూటు కొసతో ముట్టుకున్నాడు, అంతే. బంతి గోలీ చేతికి అందకుండా పక్క నుంచి పోయి మూలలో పడింది. గ్రౌండ్ మొత్తం అరిచింది.

గోలీ నా మీదికి వచ్చాడు. వాడి ముఖం అట్లా ఎప్పుడూ చూడలేదు. "లే అన్న గద బే! లే అన్న గద!"

నేనూ తగ్గలేదు. "లే అన్నవనే గద ఇడ్సిన! లే అంటేనే గద!"

"లే అంటె ఇడుస్తర బే?"

"లే అంటె ఇడ్వకుండ ఏం జేస్తర్రా?"

అదే మాట వాడూ నేనూ ఒకరి మొహం మీద ఒకరం అరుచుకుంటున్నాం. ఎదుటివాడికి పిచ్చి పట్టిందని ఇద్దరమూ అనుకుంటున్నాం. రెఫరీ వచ్చి విడదీశాడు. తర్వాత నాలుగు నిమిషాలు ఎట్లా ఆడామో నాకు తెలియదు. విజిల్ పడ్డాక నేను మట్టిలో కూలబడి గడ్డి లేని నేలను గుద్దాను. గోలీ గోల్ పోస్టు పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

డీసీఎం ఎక్కి బయల్దేరాం. నేను తల వంచుకుని కూర్చుని ఆ ఒక్క క్షణాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటున్నాను. వాడు అరిచినప్పుడు వాడి చెయ్యి కనిపిస్తోంది. చెయ్యి ముందుకు చాచి, వేలు బంతి వైపు చూపిస్తున్నాడు. ఎవరూ లేరని చెప్పేవాడు బంతిని ఎందుకు చూపిస్తాడు? సమోసా విసిరేటప్పుడు కూడా వాడి చెయ్యి అట్లాగే ఉంటుంది.

జాన్ మీదికొచ్చింది, అమ్మీ మాట వచ్చింది. వాడు "తీసుకో" అన్నాడు. నేను "లేరు" అని విన్నాను. ఆ మాట కాగితం మీద పెట్టింది నేను. వాడు ముందే చెప్పాడు, నేను నవ్వాను. ఇదంతా నాకు పిట్లం రాకముందే అర్థమైంది. ఆ రోజు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది అని ఇన్నేళ్ళూ ఇతరులకు చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. పిట్లం రాకముందే తెలుసు.

పిట్లం దగ్గర చాయ్ హోటల్ ముందు ఆపారు. సార్ మా ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను అడిగాడు.

"ఏమైందిరా? గంత దగ్గర బాల్ వెట్టుకొని ఎందుకు ఇడ్సినవ్?"

నా పక్కనే గోలీ ఉన్నాడు. మోకాళ్ళవి ఇంకా విప్పలేదు, నీలం గీతల నిండా ఎర్రమట్టి.

"గోలీ లే అన్నడు సార్," అన్నాను.

అబద్ధం చెప్పానా? లేదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. థూ, అట్లాంటి నిజం చెప్పే నోరు పడిపోవాలి.

సార్ గోలీ వైపు తిరిగాడు. "అన్నవా?"

"అన్న సార్," అన్నాడు వాడు.

"పోరడు మీదికి ఉరికొస్తుంటె లే అన్నవా? కండ్లు ఏడ వెట్టుకున్నవ్ రా?"

వాడు నా వైపు చూశాడు. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ ఊదుకుంటున్నాను. చాయ్ అప్పటికే చల్లారింది. అయినా ఊదుతూనే ఉన్నాను. ఇంకొక్క మాట అంటే అయిపోయేది. కానీ అంటే, ఆ మాటలు రాసిన తెలివి ఎవడిది అని సార్ అడిగేవాడు. వారం కింద నన్ను మెచ్చుకున్న ఆ నోటితోనే అడిగేవాడు. కప్పు పోగొట్టింది కెప్టెన్ అని కాలేజీ అంతా అనేది. నేను పెద్ద నోరు వాణ్ణి అన్నాను కదా. కావలసినప్పుడు ఆ నోరు పెగల్లేదు.

కథ అక్కడితో అయిపోయినా బాగుండేది. కప్పు గెలవని కాలేజీ నుంచి కూడా ఒక్కణ్ణి యూనివర్సిటీ టీం సెలెక్షన్స్‌కు పంపవచ్చు, ఫిజికల్ డైరెక్టర్ ఉత్తరం రాసిస్తే. సీజన్ మొదట్లోనే సార్ అందరి ముందు అన్నాడు, "ఎవరు పోయినా పోకున్నా గోలీ మాత్రం పోతడు." దానికి ఎవరికీ పేచీ లేదు. వాడంత గోలీ డివిజన్‌లో లేడు. ఆ ఉత్తరం మీద వాడికి ఇంకా ఆశ ఉంది.

వారం తర్వాత సార్ నన్ను గదికి పిలిచాడు. ఉత్తరం మీద నా పేరుంది.

"గోలీ..." అన్నాను.

"గాబరల కండ్లు మూస్కునేటోన్ని గోల్‌ల నిలవెడ్తరా? వాని మీద నాకు భరోస పోయింది," అన్నాడు సార్. ఆయనకూ బాధగానే ఉంది. వాణ్ణి కొడుకులా చూసుకున్న మనిషి. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని "సరే సార్" అన్నాను. ఎందుకు అన్నానంటే, నాకూ ఆశ పుట్టింది. వాడి బతుకు కోసం ఉన్నదాన్ని నేను సరదాగా అందుకున్నాను.

సెలెక్షన్స్‌లో మొదటి రోజు మధ్యాహ్నానికే నన్ను పొమ్మన్నారు. సమోసా తిని బస్సెక్కాను. ఆ ఉత్తరం అట్లా తగలబడింది.

నేను తిరిగొచ్చిన మర్నాడు గోలీ వాళ్ళ దుకాణం వైపు పోయాను. వాడు తడిగుడ్డతో తలుపు చెక్క మీది పట్టిక తుడుస్తున్నాడు. ఆఖరి మ్యాచ్ గడి ఖాళీగానే ఉంది, దాన్ని కూడా గట్టిగా తుడిచాడు. నన్ను చూసి గుడ్డ పిండి పక్కన పెట్టి, "రాండ్రి పటేలా," అన్నాడు. పటేలా అని అంతకుముందు కూడా ఏడిపించేవాడు, కానీ "అరే పటేల్ బే" అని. ఆ రోజు వెనక బే లేదు, ముందు అరే లేదు. ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖం చూశాను. లేదు, నిజంగానే అన్నాడు.

ఎండాకాలంలో ఒకరోజు వాళ్ళ అబ్బా నన్ను రోడ్డు మీద ఆపాడు. దగ్గు ఆపుకుంటూ అడిగాడు, "బేటా, వాడు గ్రౌండ్ దిక్కు పోతలేడు. మోకాళ్ళయి చినిగినయా? తెమ్మను, జెర కుట్టిస్త." నేను "చెప్త చాచా" అన్నాను. ఆయన ముందు నిలబడే ముఖం చెల్లక బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను. తర్వాత రెండేళ్ళకు ఆయన పోయాడు. అప్పటికే గోలీ దూది దుమ్ములో కూర్చున్నాడు. మా టీంలో ఎవరో ఆ గోల్‌ను ఫోన్‌లో తీశారు, అది ఇప్పటికీ మా కాలేజీ గ్రూపులో తిరుగుతుంది. కింద నవ్వుతున్న బొమ్మలు పెడతారు, "గోలీ లే అన్నడు" అని రాస్తారు. మా దగ్గర అదొక సామెతలా అయిపోయింది. ఎవడైనా మోసపోతే చాలు, గోలీ లే అన్నడు అంటారు. ఆ గ్రూపులో వాడూ ఉన్నాడు. ఒక్కసారీ ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు.

ఈ చలికాలం మా అమ్మ బొంత కావాలంది. ఇంకో దుకాణానికి పోవచ్చు, కానీ ఎందుకో అక్కడికే పోయాను. పాత చీరలు రెండు ఇచ్చి వచ్చాను, నాలుగు రోజులు ఆగి మధ్యాహ్నం పూట మళ్ళీ వెళ్ళాను. వాడు నేల మీద మోకాళ్ళ మీద వంగి అంచు కుడుతున్నాడు. పెద్ద సూది, లావు దారం. ఆ చేతులు గీత మీది నుంచి బంతిని తీసుకొచ్చిన చేతులు. మోకాళ్ళ కింద ఏదో ఉందని చూస్తే, అవే. నీలం తెలుపు గీతలవి. నాడాలు ఊడిపోయాయి, గుడ్డ నల్లబడింది, మోకాలి ఆకారం మాత్రం అట్లాగే ఉంది.

ఇక ఆగలేకపోయాను.

"ఒకటి చెప్పాలె భాయ్," అన్నాను.

"చెప్పుండ్రి."

"గా దినం నువ్వు ఉర్దూల అన్నవు. తీస్కొమ్మన్నవు. నేను తెలుగుల ఇన్న. నాకు పిట్లం రాకముందే సమజైంది. సార్ అడిగినప్పుడు నేను చెప్పలే."

సూది ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"నాకెర్కే," అన్నాడు.

"ఏమెర్క?"

"నీకు సమజైందని. సల్లగైన చాయ్ ఊదుకుంట కూసున్నవ్ సూడు, గప్పుడే ఎర్కైంది నాకు."

"మరి నువ్వెందుకు చెప్పలేదురా? ఉర్దూల అన్న సార్ అని ఒక్క మాట నువ్వే..."

అప్పుడు తలెత్తాడు. కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"నేను జెప్తె తప్పించుకుంటుండు అంటుండె. నువ్వు జెప్తె నిజమైతుండె. చూసిన బే నీ దిక్కు. హోటల్‌ల చూసిన. డీసీఎంల చూసిన. చౌరస్తల దిగినంక గూడ జెరసేపు నిలవడి చూసిన. సార్ ఉత్తరం రాసేదాంక వారం దినాలు చూసిన. ఒక్క మాటనే గద. ఉర్దూల అని. గంతే."

ఏడేళ్ళకు ఆ "బే" విన్నాను. ఇట్లా వింటానని అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దుకాణం ముందు ఆటోవాడు చూస్తున్నా దాచుకోలేదు.

"సార్‌కు ఫోన్ చేస్త. గ్రూపుల రాస్త, అందరికి చెప్త," అన్నాను.

వాడు దారం పళ్ళతో తెంపాడు. బొంత దులిపి, నాలుగు మడతలు పెట్టి, తాడు కట్టాడు. నేను చెప్పింది వినలేదనుకున్నాను. విన్నాడు.

"ఇగ ఇప్పుడేంటికి? ఇడువుండ్రి," అన్నాడు.

మళ్ళీ "ఉండ్రి" వచ్చేసింది.

బొంత ఎత్తాడు. ఒక్క క్షణం, విసురుతాడనుకున్నాను. నా చేతులు వాటంతటవే లేచాయి, పాత అలవాటు. ఆ మాట అంటాడని చెవులు రిక్కించాను. వాడు లేచి నిలబడి, రెండడుగులు నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో బొంత అందించాడు.

"తీస్కోండ్రి పటేలా," అన్నాడు. తెలుగులో, మెల్లగా, ఒక్కో అక్షరం విడివిడిగా, నేను తప్పు వినకుండా.